కావలిలో ఇల్లు: హాల్లో స్కర్టింగ్ ఊడొస్తోంది, పాతవే అతికించేదా, కొత్తవి వేసేదా?

కావలి కొత్తిల్లు:
హాలు 12 × 14 అడుగులు, తలుపు 3.5 అడుగులు. 4 అంగుళాల విట్రిఫైడ్ స్కర్టింగ్ (గోడ అడుగున నేల వెంట వేసే టైలు పట్టీ) నాలుగేళ్లకే ఊడొస్తోంది. బాత్రూం గోడ వెంబడి మూడు పట్టీలు పడిపోయినాయి, మిగతావి తడితే గుల్ల మోత వస్తుంది. పడినచోట గోడమీద తెల్ల పొడి. మేస్త్రి సిమెంటు పాలతో మళ్లీ అతికిస్తానంటున్నాడు. నిలబడుద్దా? పాత డిజైను ఎక్కడా దొరకట్లేదు. చీమకుర్తి గ్రానైటు వేస్తే ఎట్ట ఉంటుంది?

తాపీ పని, ఒంగోలు:
అన్నా, ముందు పడిన పట్టీ వెనక్కి తిప్పి చూడు. వెనక నున్నగా, టైలు తయారీలో అంటిన తెల్ల పొడితో ఉంటే సిమెంటు అసలు పట్టుకోలేదు. విట్రిఫైడ్ నీళ్లు పీల్చదు, ఉత్తి సిమెంటు పాలకి అది లొంగదు. లప్పం అంటుకుని వస్తే లప్పం మీదే వేశారన్నమాట. ప్లాస్టరే ఊడొస్తే తప్పు గోడలో ఉంది. నాలుగు మూలలా ముద్దలు మాత్రమే కనిపిస్తే మధ్యంతా డొల్ల. గుల్ల మోత దానిదే.

గోడమీది తెల్ల పొడి మాత్రం ఉప్పు. బాత్రూం నుంచి చెమ్మ దిగి గోడలోని ఉప్పుని బయటికి తెస్తా ఉంది. అది ఆపకుండా ఏం అతికించినా మళ్లీ పడుద్ది. నహానీ ట్రాప్‌ని (బాత్రూం నీళ్లు పోయే జాలీ తూము) గుడ్డ, పాలిథీన్‌తో గట్టిగా మూసి, బాత్రూంలో అంగుళం నీళ్లు పెట్టి, మట్టానికి గీత గీసి 24 గంటలు చూడు. మట్టం బాగా దిగితే ముందు బాత్రూం పని.

సివిల్, నెల్లూరు:
పైన చెప్పింది సరిగ్గా ఉంది. బాత్రూం సరిచేశాక పని ఇట్ట చేయించండి.

పట్టీ పైగీత వెంట గ్రైండర్‌తో 10 మి.మీ. లోతు కోయాలి, లేకుంటే ఉలి దెబ్బకి పైన రంగు, లప్పం పెచ్చులుగా లేస్తాయి. స్విచ్‌బోర్డుల కింద మాత్రం కరెంటు వైర్ల పైపు ఎటు పోయిందో చూడకుండా గ్రైండర్ పెట్టబాకండి. ఉప్పుని పొడి బ్రష్‌తోనే రాల్చాలి. నీళ్లతో కడిగితే మళ్లీ గోడలోకే పోతుంది. వదులైన ప్లాస్టర్ తీసి సిమెంటు, ఇసుక 1:4 పాళ్లలో కొత్తది వేసి, వారం తడిపి, ఇంకో వారం ఆరనివ్వండి. తీర ప్రాంతంలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి కలపడానికీ తడపడానికీ మంచినీళ్లే వాడండి.

పాలిమర్ కలిసిన టైల్ అడ్హెసివ్ తీసుకోండి. పట్టీ వెనక తెల్ల పొడి తుడిచి, గోడకీ పట్టీకీ రెండింటికీ పూయాలి. నేలకి ఆనించకుండా 2 మి.మీ. స్పేసర్ పెట్టి, ఆరాక అక్కడ సిలికాన్ నింపండి. గట్టిగా ఆనిస్తే ఎండకి నేల టైలు పెరిగినప్పుడు పట్టీని నెట్టేస్తుంది.

కొత్త పట్టీలు టైల్స్ నుంచి కోయిస్తే లెక్క: చుట్టుకొలత 52, తలుపు తీసేస్తే 48.5 అడుగులు. 600 మి.మీ. టైలుకి ఐదు కోతల్లో 10 మి.మీ. పోతుంది, 98 మి.మీ. పట్టీలు ఆరు వస్తాయి, అంటే దాదాపు 12 అడుగులు. తరుగుతో ఐదారు టైల్స్ చాలు. అడ్హెసివ్ 20 కిలోల బస్తా ఒకటి మిగులుతుంది కూడా.

తాపీ పని, ఒంగోలు:
గ్రానైటు సంగతి: 18 మి.మీ. పట్టీ అడుగుకి కిలోన్నర పైనే తూగుద్ది. అదే అడ్హెసివ్ మోస్తుంది, కానీ ఆరేదాకా కింద చెక్క ముక్కలు ఆనించాలి. ప్లాస్టర్ తీసి లోపలికి కూర్చోబెట్టకుంటే బయటికి పొడుచుకొచ్చి, తలుపు పూర్తిగా తెరుచుకోదు. చీమకుర్తిలో దొరికే బంగారు చుక్కల నల్ల గ్రానైటు, అదే గెలాక్సీ, అయితే అన్ని పట్టీలూ ఒకే పలక నుంచి కోయించు. ఆ చుక్కలు ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా ఉంటాయి, వేరే పలకలు కలిస్తే గోడ వెంబడి తేడా ఇట్టే కనబడుద్ది. పై అంచుకి పాలిష్ పట్టించమని ముందే చెప్పు.

కావలి కొత్తిల్లు:
పట్టీ వెనక నాలుగు ముద్దలే ఉన్నాయి, మధ్యంతా ఖాళీ. రేపు బాత్రూంలో నీళ్లు పెడతాను. గుల్లగా మోగేవన్నీ తీసేయాలా?

సివిల్, నెల్లూరు:
తీసేయండి. బాత్రూం గోడకైతే గట్టిగా ఉన్నవి కూడా.