2035కి నియోడిమియం ఎంత కావాలి? లెక్క ఎక్కడ తప్పుతోంది?

ముడిసరుకు_లెక్క:
విద్యుత్ వాహనాలకు, గాలిమరలకు కావలసిన నియోడిమియం మాగ్నెట్ల (నియోడిమియం కలిసిన బలమైన శాశ్వత అయస్కాంతాల) అవసరాన్ని మన దేశం వరకు 2035 దాకా అంచనా వేస్తున్నాను. గత ఐదేళ్ల అమ్మకాల వృద్ధి శాతాన్నే ముందుకు పొడిగించి, కారుకు 1.5 కిలోలు, గాలిమరకు మెగావాట్‌కు 600 కిలోల చొప్పున గుణించాను. సరఫరా వైపు మన తీరపు ఇసుకలో దొరికే, నియోడిమియం ఉన్న మోనజైట్ ఖనిజం నిల్వలు పెట్టాను. అవసరం ఆకాశాన్నంటుతోంది, నిల్వ దానికి ఎన్నో రెట్లు కనిపిస్తోంది. రెండూ నమ్మబుద్ధి కావడం లేదు. దిగుమతుల లెక్కతో సరిచూద్దామంటే అదీ కలవదు. ఎక్కడినుంచి సరిదిద్దాలి?

తరుగు_మజూరీ:
ముందు ఆ వృద్ధి శాతం తీసేయండి. కొత్తగా మొదలైన వస్తువు తొలి ఏళ్లలో ఏటా రెట్టింపు కూడా కావచ్చు. దాన్ని పదేళ్లు పొడిగిస్తే రోడ్డు మీద మనుషులకంటే కార్లే ఎక్కువవుతాయి. మొత్తం కార్ల అమ్మకాలు ఒక వరుసగా, అందులో విద్యుత్ కార్ల వాటా ఇంకో వరుసగా పెట్టి, ఆ వాటాకు ఎస్ ఆకారపు గీత (మొదట మెల్లగా, తర్వాత వేగంగా పెరిగి, చివరికి నిలకడయ్యేది) అమర్చండి. వాటా చివరికి ఎక్కడ ఆగుతుందన్నదానికి మూడు విలువలు తీసుకోండి. రిజిస్ట్రేషన్లకు కేంద్ర రవాణా శాఖ వాహన్ డాష్‌బోర్డు వాడుతుంటే ఒక జాగ్రత్త: అందులో చాలా కాలం తెలంగాణ అంకెలు లేవు. వాటిని విడిగా తెచ్చి కలపకపోతే హైదరాబాద్ మార్కెట్ మొత్తం లెక్కలోంచి జారిపోతుంది.

రెండోది గాలిమర. మెగావాట్‌కు 600 కిలోలన్నది గేరుబాక్సు లేకుండా శాశ్వత అయస్కాంతాలతో తిరిగే రకానికి. మన దగ్గర నిలబెట్టినవాటిలో గేరుబాక్సుతో నడిచేవి చాలా ఉన్నాయి, వాటిలో మాగ్నెట్ బాగా తక్కువ, కొన్నింటి జనరేటర్‌లో అసలుండదు. గేరుబాక్సు లేకపోయినా రోటర్‌కు కరెంటు ఇచ్చి నడిపే రకమూ ఉంది. రకాలవారీగా వాటా విడగొట్టకుండా ఒకే అంకెతో గుణిస్తే అవసరం కొన్ని రెట్లు పెరిగిపోతుంది. వాహనాల్లోనూ అంతే. మన దగ్గర సంఖ్యలో ఎక్కువ ఉన్నవి స్కూటర్లు, మూడు చక్రాల బళ్లు. స్కూటర్ మోటారులో ఉండేది కొన్ని వందల గ్రాములే. దానికి కారు అంకె అంటించకండి.

మూడోది, అన్నిటికంటే ఎక్కువమంది తప్పేది: ఏ రూపంలోని బరువు? మాగ్నెటా, మిశ్రలోహమా, లోహమా, ఆక్సైడా? 10 లక్షల కార్లు, కారుకు 1.5 కిలోలు అనుకుందాం. తయారైన మాగ్నెట్ 1,500 టన్నులు. దిమ్మెను కోసి, సానపట్టేటప్పుడు దాదాపు పావు వంతు పొడిగా పోతుంది. బంగారం పనిలో తరుగు లాంటిదే. కాబట్టి మిశ్రలోహం 2,000 టన్నులు కావాలి. అందులో ఎక్కువ భాగం ఇనుము. రేర్ ఎర్త్ లోహం (నియోడిమియం, దాని జాతి లోహాలు) సుమారు 30 శాతం, అంటే 600 టన్నులు. ఆక్సైడ్‌లోకి మార్చడానికి 1.17తో గుణిస్తే 700 టన్నులు. 1,500తో మొదలుపెట్టి 700 దగ్గర తేలాం. మీ షీట్‌లో ప్రతి నిలువు వరుస పైన రూపం పేరు రాయండి, ఉత్త ‘టన్నులు’ అని వదిలేయొద్దు.

తీరపు_ఇసుక:
సరఫరా వైపు నేను చెబుతాను. నిల్వను సరఫరా అనుకోవడమే మీ షీట్‌లో పెద్ద పొరపాటు. భూమిలో ఉన్నది వేరు, ఏడాదికి బయటికొచ్చేది వేరు.

పైన వచ్చిన 700 టన్నులే తీసుకోండి. మోనజైట్‌లో రేర్ ఎర్త్ ఆక్సైడ్లు దాదాపు 55 శాతం. వాటిలో నియోడిమియం, మాగ్నెట్లలో దాంతోపాటే వాడే ప్రేసియోడిమియం కలిపి అయిదో వంతు పైచిలుకు. శుద్ధిలో నష్టం పోగా టన్ను మోనజైట్‌కు సుమారు 100 కిలోలు చేతికొస్తుంది. అంటే 7,000 టన్నుల మోనజైట్ కావాలి. దాంతోపాటు మీరు అడగని సరుకూ వస్తుంది: మూడు వేల టన్నుల దాకా ఇతర రేర్ ఎర్త్‌లు, అందులో అధిక భాగం సీరియం, లాంథనం. వాటికి కొనేవాడు దొరకాలి. ఇంకా 8 నుంచి 10 శాతం థోరియం ఆక్సైడ్, అది రేడియోధార్మిక పదార్థం, భద్రంగా నిల్వ చేయాలి. అందుకే మోనజైట్ అణుశక్తి చట్టం కిందికి వస్తుంది, ఎవరు పడితే వారు తవ్వలేరు. శ్రీకాకుళం, భీమిలి ఇసుక చూసి లెక్కలు వేసేవాళ్లు ఈ మెట్లన్నీ దాటేస్తారు. తీర నియంత్రణ నిబంధనలు, ఊళ్లు, వలలు ఆరేసుకునే రేవులు కూడా ఆ ఇసుక మీదే ఉన్నాయి.

నవంబరు 2025లో కేంద్రం ఏడాదికి 6,000 టన్నుల మాగ్నెట్ల తయారీ సామర్థ్యం కోసం 7,280 కోట్ల పథకం ఆమోదించింది. అది ఆక్సైడ్ నుంచి మాగ్నెట్ దాకా. పూర్తి సామర్థ్యంతో నడిస్తే, ఇదే నిష్పత్తిన, దాదాపు 2,800 టన్నుల ఆక్సైడ్, 28,000 టన్నుల మోనజైట్ అవుతుంది. ఆ ఆక్సైడ్ ఎక్కడినుంచి అన్నది మీ షీట్‌లో విడి వరుసగా ఉండి తీరాలి.

వార్తల్లోంచి నిల్వల అంకెలు ఎత్తుకోవద్దు. 2023 ఫిబ్రవరిలో జమ్మూకశ్మీర్ రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల లిథియం అన్నారు. అది ఖనిజం బరువు, లోహం బరువు కాదు. పైగా జీ3 దశ, అంటే ప్రాథమిక అన్వేషణ. ఆ బ్లాకు వేలానికి తగినంతమంది ముందుకు రాక రద్దయింది. అలాంటివి 2035 సరఫరాలో సున్నాగా పెట్టండి. నడుస్తున్న గనిని పూర్తిగా, కడుతున్నదాన్ని ఒకటి రెండేళ్ల ఆలస్యంతో, కాగితం మీదున్నదాన్ని మామూలు అంచనాలో వదిలేసి ఆశావహ అంచనాలో మాత్రమే కలపండి.

ముడిసరుకు_లెక్క:
ఇద్దరికీ ధన్యవాదాలు. తరుగు, ఆక్సైడ్ మార్పు రెండూ నా షీట్‌లో లేవు. దిగుమతుల సంగతి, పాత మాగ్నెట్ల రీసైక్లింగ్ సంగతి కూడా చెప్పగలరా?

రోటర్_విప్పేవాడు:
దిగుమతులు కలవకపోవడానికి కారణం కస్టమ్స్ కోడ్, అంటే సరుకును ఏ రకంగా నమోదు చేశారో చెప్పే సంఖ్య. లోహపు శాశ్వత అయస్కాంతాలన్నీ 850511 కింద వస్తాయి, నియోడిమియం, సమేరియం కోబాల్ట్, ఆల్నికో అన్నీ కలిసి. కిలో ధర చూసి కొంత వేరుచేయొచ్చు. దానికి తోడు, మోటారు లోపల బిగించి వచ్చే మాగ్నెట్ 8501 కింద మోటారుగా నమోదవుతుంది. హార్డ్ డిస్కుల్లో, స్పీకర్లలో వచ్చేదీ అంతే. ఇలా వస్తువుల లోపల వచ్చేది మాగ్నెట్ల దిగుమతి అంకెలో కనిపించదు. తయారీదారుల అవసరం, దేశంలోకి చేరే మొత్తం, ఈ రెండూ వేరు ప్రశ్నలు. మీరు దేనికి జవాబు వెతుకుతున్నారో ముందే తేల్చుకోండి.

రీసైక్లింగ్ మీద 2035లోపు పెద్ద ఆశ పెట్టుకోవద్దు. కారు జీవితం 12 నుంచి 15 ఏళ్లు, గాలిమరది 20 పైనే. అన్నీ ఒకే ఏడాది పాతబడవు గనుక వైబుల్ వితరణ (ఏ వయసులో ఎన్ని పాడవుతాయో చెప్పే గణాంక సూత్రం) వాడండి. తుక్కులోకి వచ్చినవాటిలోనూ చేతికందేది తక్కువ. మాగ్నెట్ ముక్కలు రోటర్ రేకుల గాడుల్లో బంకతో పట్టేసి ఉంటాయి. రోటర్‌ను విప్పకుండా మొత్తంగా ష్రెడర్‌లో వేస్తే అవి పెళుసుగా పగిలి, చుట్టూ ఉన్న ఇనుప తుక్కుకే అతుక్కుని కొలిమిలోకి పోతాయి, రేర్ ఎర్త్ స్లాగ్‌లో, అంటే కరిగిన లోహం మీద తేలే మడ్డిలో, కలిసిపోతుంది. వేడి చేసి అయస్కాంతత్వం తీశాక విప్పితేనే ముక్కలు దక్కుతాయి. ముందుగా లెక్కలోకి రావలసింది ఫ్యాక్టరీలో రాలే సానపొడి. అయితే దాన్ని తరుగు కింద ఒకసారి కలిపారు కాబట్టి, తిరిగి వాడే భాగాన్ని అక్కడే తీసేయండి. విడి సరఫరాగా మళ్లీ చూపిస్తే రెండుసార్లు లెక్కించినట్టే.

తరుగు_మజూరీ:
ఇంకో రెండు. డిస్‌ప్రోసియం, టెర్బియం విడిగా వేయండి. వేడిలో మాగ్నెట్ బలం పోకుండా కొద్దిపాళ్లలో కలిపేవి ఇవే, 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి నియంత్రణ పెట్టిన ఏడింటిలో ఈ రెండూ ఉన్నాయి. మన మోనజైట్‌లో ఇవి అత్యల్పం. మొత్తం రేర్ ఎర్త్‌ల బరువు సరిపోయినట్టు కనిపించినా బండి ఇక్కడే ఆగుతుంది.

రెండోది, కారుకు 1.5 కిలోలన్నది 2035 దాకా స్థిరంగా ఉంచకండి. 2010–11లో రేర్ ఎర్త్ ధరలు ఎగిసినప్పుడు తయారీదారులు డిస్‌ప్రోసియం వాడకం తగ్గించే దారులు వెతికారు, మాగ్నెట్ లేని మోటార్లవైపూ చూశారు. కోబాల్ట్ విషయంలోనూ అదే: ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీలో కోబాల్ట్ లేదు, 2024కల్లా ప్రపంచ విద్యుత్ కార్ల బ్యాటరీల్లో దాదాపు సగం అదే అయింది. నికెల్–కోబాల్ట్ రకాలే ఏలుతాయని వేసిన పాత అంచనాలు అక్కడ దెబ్బతిన్నాయి. ధర పెరిగితే వాడకం తగ్గేలా ఒక సూత్రం పెట్టండి, చిన్నదైనా సరే.

షీట్ పూర్తయ్యాక 2015 దాకా ఉన్న అంకెలు మాత్రమే ఇచ్చి 2024ను అంచనా వేయించి చూడండి. తేడా ఎంతో, ఏ వరుసలో వచ్చిందో ఇక్కడ పెడితే కలిసి చూద్దాం.