నీట్‌కి ఏ మెటీరియల్ ఉంచాలి, ఏ టెస్ట్ సిరీస్ తీసుకోవాలి?

బైపీసీ ప్రశ్న:
నమస్తే అండి. ఇంట్లోనే ఉండి నీట్ లాంగ్ టర్మ్ చదివేవాళ్ల కోసం అడుగుతున్నాను. పరీక్షకి ఐదు నెలలుంది. ఎన్‌సీఈఆర్‌టీ, తెలుగు అకాడమీ పుస్తకాలు, పాత ఎంసెట్ బిట్ బ్యాంకులు మూడు, సీనియర్లు ఇచ్చిన కోచింగ్ మాడ్యూల్స్ ఒక సెట్టు ఉన్నాయి. వీటిలో ఏది ఉంచాలి? ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్ మంచిదో కాదో డబ్బు కట్టకముందే ఎలా తెలుస్తుంది? గ్రాండ్ టెస్టులు (పూర్తి సిలబస్ మాక్‌లు) ఎన్ని రాస్తే చాలు? పేపర్ తెలుగులో రాయాలని అనుకుంటున్నాం.

ఆప్షన్ నాలుగు:
ముందు బిట్ బ్యాంకులు పక్కన పెట్టేయండి. ఎంసెట్‌లో (ఇప్పటి ఈఏపీసెట్) 160 ప్రశ్నలు, నెగటివ్ మార్కు లేదు. ఆ అలవాటు పడ్డ చేయి తెలియని ప్రశ్నకి కూడా ఏదో ఒకటి పెట్టేస్తుంది. నీట్‌లో ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. గుడ్డిగా పెడితే సగటున ప్రశ్నకి పావు మార్కు మాత్రమే దక్కుతుంది. రెండు ఆప్షన్లు ఖాయంగా కొట్టేయగలిగితే ఒకటిన్నర వస్తుంది. ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు వదలాలి అన్నది కూడా సాధనతోనే రావాలి, బిట్ బ్యాంకు అది నేర్పదు.

ఎన్‌సీఈఆర్‌టీ ఏ సంవత్సరం ముద్రణో చూసుకోండి. 2024లో పరమాణువుల మీద వచ్చిన ఒక ఫిజిక్స్ ప్రశ్నకి పాత ఎడిషన్ ప్రకారం ఒక జవాబు, కొత్త ఎడిషన్ ప్రకారం ఇంకో జవాబు అయ్యాయి. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఒక్క ఆప్షనే సరైనదని తేల్చాక ఫలితాలే మారాయి. కొత్త పుస్తకాల పీడీఎఫ్‌లు ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఉచితం, కాబట్టి పాతవాటితో సర్దుకోవాల్సిన పని లేదు.

ఇక టెస్ట్ సిరీస్. ఉచితంగా ఇచ్చే నమూనా పేపర్ ఒకటి దించుకుని గంటసేపు పరిశీలించండి. 2025 నుంచి నీట్ పేపర్ 180 ప్రశ్నలు, 180 నిమిషాలు: ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. నమూనాలో ఇంకా సెక్షన్ బి (15లో 10 రాసే) ఛాయిస్ కనిపిస్తే ఆ సిరీస్ పాతది. ఘన స్థితి, ఉపరితల రసాయన శాస్త్రం, పాలిమర్లు, మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ వంటి తీసేసిన పాఠాల నుంచి ప్రశ్నలున్నా అంతే. వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజీ, లవణ విశ్లేషణ లాంటి ప్రయోగాల ప్రశ్నలు ఒక్కటీ లేకపోతే కొత్త సిలబస్ వాళ్లు చూడనే లేదన్నమాట.

తర్వాత బయాలజీలో ఏవైనా 20 ప్రశ్నలు తీసుకుని, ఒక్కోదానికి ఎన్‌సీఈఆర్‌టీలో వాక్యమో బొమ్మో పట్టికో వెతకండి. నాలుగైదు దొరక్కపోతే ఆ సిరీస్ వద్దు. ఫిజిక్స్‌లో వరసగా అన్ని లెక్కలూ మూడు నాలుగు నిమిషాలు తింటుంటే అది జేఈఈ ప్రశ్నలకి నీట్ పేరు పెట్టింది. అన్నిటికంటే ముఖ్యం సొల్యూషన్. "జవాబు 3" అని వదిలేస్తే దానివల్ల ఉపయోగం లేదు. మిగతా మూడు ఎందుకు కావో కూడా రాసి ఉండాలి.

పత్రహరితం:
తెలుగులో రాసేవాళ్లకి ఒక మాట. ప్రశ్నపత్రంలో ఇంగ్లిష్, తెలుగు రెండూ ఉంటాయి, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌దే చెల్లుతుంది. అప్లికేషన్‌లో భాష జాగ్రత్తగా ఎంచుకోండి. అందుకే టెస్టులు కూడా రెండు భాషలూ ఉన్నవే తీసుకోండి. సాఫ్ట్‌వేర్‌తో అనువదించిన తెలుగు పేపర్లు చాలా ప్రమాదం. "క్షయకరణ విభజన" (మియోసిస్) ఉండాల్సిన చోట "తగ్గింపు విభజన" అని కనిపిస్తే ఇక ఆ పేపర్ చదవకండి. పరీక్షలో కనిపించేవి అకాడమీ పుస్తకాల పదాలకి దగ్గరగా ఉంటాయి.

కాన్సెప్ట్ అర్థం కావడానికి అకాడమీ పుస్తకం, జవాబు పెట్టడానికి ఎన్‌సీఈఆర్‌టీ వాక్యం అనుకోండి. అకాడమీ పుస్తకంలో ఎక్కువగా ఉన్న సమాచారాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టనక్కర్లేదు. మాడ్యూల్స్ ఫిజిక్స్, ఫిజికల్ కెమిస్ట్రీ వరకు ఉంచండి. బయాలజీ మాడ్యూల్ మాత్రం ఎన్‌సీఈఆర్‌టీని మూడుసార్లు చదివేదాకా తెరవొద్దు.

పాత ప్రశ్నల పుస్తకం కొంటే 2020 వరకున్నవి పాఠాలవారీగా చేయండి. 2021 నుంచి వచ్చినవి దాచుకోండి, అవే అసలైన గ్రాండ్ టెస్టులు. 2021 నుంచి 2024 వరకు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ ఒక్కోదానిలో సెక్షన్ ఎ 35, సెక్షన్ బి 15 ఉంటాయి. సెక్షన్ బిలో మొదటి 10 మాత్రమే తీసుకుంటే నాలుగు నలభై అయిదులు 180 అవుతాయి, టైము 180 నిమిషాలే పెట్టుకోండి. గ్రేస్ మార్కుల వివాదం తర్వాత 2024 జూన్ 23న జరిగిన రీ-ఎగ్జామ్ పేపర్ చాలామంది చూసి ఉండరు, అదొకటి అదనంగా దొరికినట్టే.

బైపీసీ ప్రశ్న:
చాలా థ్యాంక్స్ అండి. మాక్ స్కోరు 430–460 మధ్యే తిరుగుతోంది. టెస్టులు పెంచాలా?

నల్ల పెన్ను:
పెంచొద్దు. చివరి రెండు నెలల్లో వారానికి రెండు, మొత్తం 15 నుంచి 20 చాలు. అంతకుముందు చాప్టర్ టెస్టులే. గ్రాండ్ టెస్ట్ మధ్యాహ్నం 2 నుంచి 5 వరకే రాయాలి, అసలు పరీక్ష ఆ టైముకే కాబట్టి. మూడు గంటల టెస్టుకి కనీసం నాలుగు గంటల విశ్లేషణ ఉండాలి.

ప్రతి తప్పు పక్కనా కారణం రాయండి: పాఠమే రాలేదు, వచ్చి మర్చిపోయారు, లెక్కలో జారారు, లేదా "సరికానిది ఏది" అన్న మాట చూడలేదు. ఐదు టెస్టుల తప్పులు కలిపి లెక్కపెడితే స్కోరు ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది. పాఠం రానివే ఎక్కువైతే టెస్టులు రెండు వారాలు ఆపి చదవాలి. మర్చిపోయినవైతే ఆ పేజీ ఆ రోజే తెరిచి, మళ్లీ మూడో రోజు, పదో రోజు చూడాలి. సరిగ్గా చదవకపోవడమైతే ప్రశ్నలో "కాని", "తప్పు" అనే మాటల కింద పెన్నుతో గీయడం అలవాటు చేయండి. ఊహించి పెట్టి ఒప్పయినవాటికీ గుర్తు పెట్టండి, అవి నిజంగా వచ్చిన మార్కులు కావు.

టైము ఇలా పంచి చూడండి: బయాలజీ 50 నిమిషాలు, కెమిస్ట్రీ 50, ఫిజిక్స్ 65, మిగిలిన 15 తిరిగి చూసుకోవడానికి. ఫిజిక్స్‌తో మొదలుపెడితే ఒక లెక్క దగ్గర ఇరుక్కుని బయాలజీలో తెలిసిన పది ప్రశ్నలు పోతాయి.

ఓఎంఆర్ షీటు (జవాబు గడులు దిద్దే కాగితం) ప్రింట్లు తీసి బాల్ పెన్నుతోనే దిద్దండి. చివర్లో అన్నీ ఒకేసారి దిద్దుదామని ఆపుకుంటే ఒక గడి జారినా కింది ప్రశ్నలన్నీ తప్పుతాయి, చెరిపే వీలు లేదు. ఒక పేజీ అవగానే ఆ పేజీవి దిద్దేయడం మేలు. ఫోన్‌లో రాసే టెస్టుల్లో ఈ పని ఉండదు కాబట్టి అక్కడ మిగిలే పది పదిహేను నిమిషాలు పరీక్ష హాల్లో మిగలవు.