ఉక్రెయిన్ తల్లీకొడుకులకు ఇల్లు దొరకడం లేదు, ఎవరిని అడగాలి?

ప్రశ్న:
మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. ఉక్రెయిన్ వాళ్లని ఇక్కడి కుటుంబాలు తమ ఇంట్లో ఉంచుకునే హోమ్స్ ఫర్ ఉక్రెయిన్ అనే ప్రభుత్వ పథకం కింద ఖార్కివ్ నుంచి వచ్చిన ఒకావిడ, తొమ్మిదేళ్ల కొడుకు మా ఇంట్లో ఉంటున్నారు. మా అమ్మానాన్న వస్తున్నారు, ఆ గది కావాలి. ఆవిడ కేర్ హోమ్‌లో పని చేస్తోంది, అద్దె కట్టగలదు. కానీ అద్దె ఇళ్ల ఏజెంట్లు గ్యారంటర్ (ఆవిడ అద్దె కట్టకపోతే తాను కడతానని హామీ ఇచ్చే మనిషి) కావాలంటున్నారు. బడి మారాలేమోనని పిల్లాడు రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. ఒకసారి ఇల్లు పోయినవాళ్లకి మళ్లీ ఈ టెన్షన్ పెట్టాలంటే మనసొప్పడం లేదు. ఛారిటీలు ఏం చేయగలవు?

జవాబు 1:
ముందు షెల్టర్ అనే ఛారిటీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఇళ్ల సమస్యలకి సలహా ఇస్తారు. ఇంగ్లండ్‌లో ఇల్లు లేనివాళ్ల కోసం చేసిన 2017 చట్టం ప్రకారం, 56 రోజుల్లోపు ఇల్లు పోయేలా ఉంటే కౌన్సిల్ (ఊరి స్థానిక ప్రభుత్వం) అప్పుడే సాయం మొదలుపెట్టాలి. రోడ్డున పడేదాకా ఆగక్కర్లేదు. గది ఎప్పటికి ఖాళీ చేయాలో తేదీ వేసి మీరే ఉత్తరం రాసివ్వండి. నేనిచ్చిన ఉత్తరంలో తేదీ వేయలేదు, అందుకే మా ఇంట్లో ఉన్నవాళ్ల దరఖాస్తు కౌన్సిల్‌లో మూడు వారాలు కదల్లేదు.

జవాబు 2:
నేను ఒక చిన్న ఛారిటీలో వాలంటీర్‌ని. మేం డిపాజిట్ డబ్బు చేతికివ్వం, ఓనర్‌కి హామీ పత్రం ఇస్తాం. ఇల్లు చూడ్డానికి తోడు వెళ్తాం. మీరు కూడా వెళ్లండి, ఓనర్ సందేహం సగం అక్కడే తగ్గుతుంది. బడి సంగతి కౌన్సిల్ దరఖాస్తులో తప్పకుండా రాయించండి.

ప్రశ్న అడిగినవారు:
ఉత్తరం ఈ రాత్రే రాస్తానండి. బాబు బడి పేరు మొదటి లైన్లోనే పెడతాను.