బ్లఫ్ మాస్టర్: మోసపోయినవాళ్లదే తప్పంటారా?

ఫస్ట్‌షో ఫణి:
నిన్న రాత్రి 'బ్లఫ్ మాస్టర్' మళ్లీ చూశా. 2018 డిసెంబరు చివర్లో వచ్చింది, సత్యదేవ్ హీరో, గోపీగణేష్ పట్టాభి డైరెక్టరు. తమిళంలో 2014లో హెచ్.వినోద్ తీసిన 'శతురంగ వేట్టై'కి రీమేక్. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో: చైన్ బిజినెస్, రైస్ పుల్లింగ్ లాంటివాటితో జనాన్ని ముంచే తెలివిగలవాడు. పట్టుబడతాడు, బయటపడతాడు, ఒకమ్మాయి వల్ల మారతాడు, పాతవాళ్లు వదలరు. అతని వాదన మొదట్నుంచీ ఒకటే, జనాన్ని ముంచింది నేను కాదు, వాళ్ల ఆశే అని. అతను చెబుతుంటే చప్పట్లు కొట్టాలనిపించింది. సినిమా అయ్యాక మాత్రం ఎందుకు కొట్టాలనిపించిందా అనిపించింది. మీరేమంటారు?

కె.ఎమ్.రావు:
అనేదేముందండీ, ఉన్నదే చూపించాడు. రైస్ పుల్లింగ్ సంగతే తీసుకోండి. పిడుగు పడిన రాగిచెంబట, బియ్యపు గింజల్ని లాక్కుంటుందట, విదేశాల్లో కోట్లిచ్చి కొంటారట! బియ్యానికి ఇనుపరజను పట్టించి, చెంబులో అయస్కాంతం పెడితే చాలు. ఆ పైన టెస్టింగ్ ఫీజు, సైంటిస్టు ఖర్చులు, ఒళ్లంతా కప్పే రేడియేషన్ సూటు వేసుకొచ్చే ఇంకో నటుడు. ఇన్ని చూసి కూడా లక్షలు తెచ్చిపోసినవాణ్ణి బాధితుడనాలా? వాడూ పక్కవాణ్ణి ముంచి కోట్లు కొట్టేద్దామనే వచ్చాడు. ఊరికే డబ్బెవరిస్తారు అన్న ఇంగితం ఉండక్కర్లేదా.

నిజామాబాద్ పోరడు:
రావు సార్ చెప్పింది కరెక్టే. మా దిక్కు గూడ గిట్ల చెంబు కొనుడు అని తిరిగినోళ్లు మస్తు మంది ఉండె.

సుజాత:
రైస్ పుల్లింగ్ ఒక్కటి పట్టుకుని అందర్నీ ఆశపోతులనేస్తే ఎలా రావు గారూ? మా నాన్న చెంబు కొనలేదు. నా పెళ్లికని దాచిన డబ్బు ఒక డిపాజిట్ల కంపెనీలో వేశారు. గడువు తీరాక డబ్బు, వద్దంటే ప్లాటు అన్నారు. ఆశే ఉంటే ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తిప్పుకునేవారు కదా? కంపెనీవాళ్లిచ్చేది రూపాయి వడ్డీ కూడా పడేది కాదు. బోర్డుంది, రసీదిస్తారు, తెచ్చి కట్టించుకునేది మా మేనమామే, ఎక్కడికీ పోదులే అని వేశారు. ఎక్కువ వస్తుందని కాదు, పోదని వేశారు. ఇదెక్కడి ఆశండీ?

కె.ఎమ్.రావు:
బాధ అర్థమైంది గానీ నేను మాట్లాడుతున్నది సినిమా గురించి. సినిమాలో ఉన్నది చైన్ బిజినెస్, రైస్ పుల్లింగ్. మీ నాన్నగారిది వేరే కేసు.

సుజాత:
వేరే కేసని ఇప్పుడంటున్నారు. 'ఊరికే డబ్బెవరిస్తారు' అని పైన అన్నది అందర్నీ కలిపే కదా.

లెక్కలమాస్టారు:
చైన్ సంగతి నేను చెబుతాను. ఒక్కొక్కరూ ఇద్దర్ని చేర్చాలి అనుకోండి. పైనున్న ఒక్కడి నుంచి ఇరవై మెట్లు దిగేసరికి ఆ ఒక్క వరసలోనే 10,48,576 మంది ఉంటారు. పైన ఉన్న ఇరవై వరసలూ కూడితే 10,48,575. అంటే ఎక్కడ ఆగినా సరే, సగం మందికి పైగా అట్టడుగునే ఉంటారు, వాళ్లు ఒక్కర్ని కూడా చేర్చి ఉండరు. తెలివితక్కువై కాదు, చేర్చడానికి మనిషి మిగలడు. కనక 'కష్టపడితే వచ్చేది, నువ్వే కష్టపడలేదు' అని స్టేజీ మీద చెప్పేది పచ్చి అబద్ధం.

ఫస్ట్‌షో ఫణి:
మాస్టారూ సూపర్. కానీ ఒక్కరూ సత్యదేవ్ నటన గురించి మాట్లాడరేంటి!

కె.ఎమ్.రావు:
లెక్క సరే, చట్టం చూడండి. 1978లో వచ్చిన ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం, సెక్షన్ 3. నడపడమే కాదు, అలాంటి స్కీములో సభ్యుడిగా చేరడం కూడా నేరమే. పార్లమెంటు చేసిన చట్టమే చేరినవాణ్ణి అమాయకుడు అనడం లేదు. మరి సినిమా అదే మాట అంటే తప్పేంటి?

సుజాత:
ఆ చట్టం చైన్ స్కీములకి. డిపాజిటర్లకి వేరే చట్టముంది, 1999లో ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చారు. కంపెనీ ఆస్తులు జప్తు చేసి, అమ్మి, కట్టినవాళ్లకి ఇవ్వాలంటుంది. దాని పేరులోనే డిపాజిటర్ల పరిరక్షణ అని ఉంది. ఆశపోతుల పరిరక్షణ అని లేదు.

నిజామాబాద్ పోరడు:
అవ్ కదా, గట్లనే డిపాజిట్లు తీస్కొని ముంచిన అగ్రిగోల్డ్ కంపెనీ పైసల్ గవర్నమెంటే ఇచ్చింది గదా ఆంధ్రల.

కె.ఎమ్.రావు:
2019 నవంబరులో పదివేల లోపు వాళ్లకి, 2021 ఆగస్టులో ఇరవైవేల లోపు వాళ్లకి ఇచ్చారు. అంతకు మించి కట్టినవాళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నారు. ఇచ్చిందేమో పన్ను కట్టేవాళ్ల డబ్బు. దానికీ మన చర్చకీ సంబంధం లేదు, టాపిక్కి రండి.

గోదారోడు:
నా మాట వినండి. సినిమాలో అసలు లోపం వేరే ఉంది. పైన మోసగాడున్నాడు, కింద ఆశపోతు జనం ఉన్నారు. మధ్యలో ఏజెంటేడీ? హైదరాబాదులో సూటేసుకున్నోడు మా ఊరొచ్చి తలుపు కొడితే మావాళ్లు మంచినీళ్లు కూడా ఇవ్వరు. డబ్బిచ్చింది బడి పంతులికి, పోస్టాఫీసు ఆయనకి, బావమరిదికి. సినిమాలో మాటకారితనంతో పడిపోతారు, ఊళ్లో వరసతో పడిపోతారు. ముందు లోపలెయ్యాల్సింది ఆ ఏజెంట్లనే. వాళ్లు లేకపోతే ఏ కంపెనీ కూడా ఊరి పొలిమేర దాటేది కాదు.

సుజాత:
నూటికి నూరుపాళ్లు.

కె.ఎమ్.రావు:
నోటికొచ్చినట్టు రాయకండి. ఏజెంటుకేం తెలుసు? వాడికీ అదే బ్రోచరు, అదే మీటింగు. ముందు తన డబ్బు కట్టాకే పక్కవాణ్ణి అడిగాడు. అగ్రిగోల్డ్ బాధితుల సంఘం పేరు చూశారా? కస్టమర్స్ అండ్ ఏజెంట్స్ వెల్ఫేర్ అసోసియేషన్. కట్టినవాళ్లూ, కట్టించుకున్నవాళ్లూ కలిసే ధర్నాలు చేశారు. కంపెనీ తాళం వేసుకుపోయాక ఇంటి ముందు గొడవెవరికి? ఏజెంటుకి. పెళ్లిళ్లకి పిలవడం మానేసేదెవర్ని? ఏజెంటుని. చెల్లెలి గృహప్రవేశానికి వెళ్తే, వరండాలో కూర్చోబెట్టి అక్కడికే కాఫీ పంపారు. అదేమిటో అనుభవిస్తే తెలుస్తుంది.

గోదారోడు:
ఓహో.

నిజామాబాద్ పోరడు:
సార్ మీరు ఏజెంటా?

కె.ఎమ్.రావు:
ఉద్యోగం చేస్తూ పక్కన చేశాను. అందులో దాచేదేముంది. మా కంపెనీ వేరు.

సుజాత:
ఇప్పుడర్థమైంది. కట్టినవాడిది ఆశ, కట్టించుకున్నవాడిది అమాయకత్వం. ఇద్దరూ విన్నది అదే మీటింగే కదా రావు గారూ, ఇంగితం మాకే ఎందుకు ఉండాలి? చెంబు కథతో మొదలుపెట్టింది దీనికేనా?

కె.ఎమ్.రావు:
చూడమ్మా, మాటలు మీరుతున్నావు. నా డబ్బు కూడా పోయింది.

సుజాత:
అమ్మా గిమ్మా వద్దు, గారూ అనండి, లేదా పేరు రాయండి. మా మేనమామా ఇదే అంటాడు, నాదీ పోయింది అని. పోయిందే, కాదనను. కానీ మా నాన్న కట్టిన ప్రతి వాయిదాకీ ఆయనకి ఎంతో కొంత వచ్చింది. మా నాన్నకి రాలేదు. ఇద్దర్నీ ఒకే గాటన ఎలా కడతారు? మీకు కమిషన్ వచ్చిందా లేదా?

లెక్కలమాస్టారు:
ఇద్దరూ కాస్త శాంతించండి. ఎక్కువమంది ఏజెంట్ల లెక్క తీస్తే, కట్టింది వచ్చినదానికన్నా ఎక్కువే అయి ఉండొచ్చు కూడా. నా దగ్గర లెక్కలు లేవు, అడుగు వరసలో ఉన్నవాళ్ల గతి చెప్పానంతే.

ఫస్ట్‌షో ఫణి:
సినిమాలో కూడా ఇదే మిస్సింగ్ అన్నమాట. హీరో మారిపోయాక ముంచిన డబ్బు తిరిగి ఎవరికిచ్చాడో గుర్తు రావడం లేదు నాకు. మారాడు అంటే మనం ఒప్పేసుకున్నాం.

గోదారోడు:
హీరోకైతే మారడానికి ఒక హీరోయిన్ ఉంది. ఏజెంటుకి అదీ లేదు, బావమరిదే ఉన్నాడు.

కె.ఎమ్.రావు:
కమిషన్ వచ్చింది. పని చేశాను, వచ్చింది. ఎండలో బండి మీద ఊళ్లు తిరిగాను, సంతకాలు పెట్టించాను, రసీదులు పంచాను. ఆ కమిషన్ మీద టీడీఎస్ కోసుకునే ఇచ్చారు. దొంగసొమ్మైతే ప్రభుత్వం పన్ను పుచ్చుకుంటుందా? నేను అబద్ధం చెప్పి ఒక్కరితో కూడా కట్టించలేదు, నాకు చెప్పిందే చెప్పాను. సినిమాలో వాడు తెలిసి చేశాడు. నేను తెలియక చేశాను. ఈ తేడా మీకెవరికీ కనబడకపోతే నేనేం చెయ్యలేను.

సుజాత:
తేడా ఉంది, ఒప్పుకుంటాను. వాడితో పోల్చను మిమ్మల్ని. నా ప్రశ్న అది కాదు. తెలిసిపోయాక ఏం చేశారన్నదే. మా మేనమామ రెండెకరాలు అమ్మి అప్పుల వాళ్లకి కట్టాడు, మాకు మాత్రం 'కంపెనీ మీద కేసు వెయ్యండి' అన్నాడు. సరే, టీడీఎస్ ప్రభుత్వానికి పోయింది. మిగతాది?

కె.ఎమ్.రావు:
మిగతాది మా అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజులకి పోయింది. వాడు చదివేశాడు కూడా. ఇప్పుడు ఏం అమ్మి ఎవరికి ఇమ్మంటారో మీరే చెప్పండి.

సుజాత:
మా పెళ్లి ఖర్చుకి మా నాన్న అమ్మింది ఇల్లు. అదీ రాసుకోండి.