లైనక్స్ సర్వర్ నుంచి ఎస్ఎంఎస్: డాంగిల్ చాలా, మోడెమ్ కొనాలా?

నిద్రలేని_అడ్మిన్
నెట్ పోయినా అలర్ట్‌లు ఫోన్లకు చేరాలి. అందుకే ఆన్‌లైన్ గేట్‌వే వద్దనుకుని సర్వర్‌కే సిమ్ తగిలిస్తున్నాం. సర్వర్‌లో డెబియన్ లైనక్స్, రోజుకు మహా అయితే 30 మెసేజ్‌లు, కొన్ని తెలుగులో. చేతిలో ఉన్న 4జీ డాంగిల్ నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తోంది, కమాండ్లు పంపే సీరియల్ పోర్టు రావడం లేదు. ఏం కొనమంటారు?

సీరియల్‌పోర్ట్
మీది హైలింక్ రకం అయ్యుంటుందండీ. హువావే ఈ3372 లాంటివి రెండు రకాల ఫర్మ్‌వేర్‌తో (లోపలి సాఫ్ట్‌వేర్‌తో) వస్తాయి. హైలింక్‌లో డాంగిలే చిన్న రౌటర్, 192.168.8.1లో వెబ్ పేజీ ఇస్తుంది. స్టిక్ రకమైతేనే ఏటీ కమాండ్లకు (మోడెమ్‌కు టైప్ చేసి ఇచ్చే ఆదేశాలకు) నేరుగా పోర్టు దొరుకుతుంది. పెట్టె మీద మోడల్ నంబరు చూసి కొంటే మోసపోతాం, రెండింటికీ పేరు ఒకటే.

24 గంటలూ నడవాలంటే డాంగిల్ జోలికే వెళ్లకండి. క్వెక్‌టెల్ ఈసీ25 గానీ సిమ్‌కామ్ సిమ్7600 గానీ మాడ్యూల్‌గా ఉన్న యూఎస్‌బీ మోడెమ్, బయటి యాంటెన్నాకు ఎస్ఎంఏ సాకెట్ ఉన్నది తీసుకోండి. సర్వర్ ర్యాక్ అంటే ఇనుప పెట్టె, లోపల సిగ్నల్ అందదు. కొనేముందు మాడ్యూల్ మీ ఆపరేటర్ బ్యాండ్లకు సరిపోతుందో చూడండి. 2జీ మాత్రమే ఉన్న సిమ్800 బోర్డులు చవకే, కానీ 2జీ ఆపేసిన చోట అవి పేపర్‌వెయిట్‌లు.

ఓల్టేజీ
సగం ఫిర్యాదులకు మూలం కరెంటే. మాడ్యూల్ 2జీకి జారితే సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు హామీ ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. ఓల్టేజీ పడుతుంది, మోడెమ్ రీసెట్ అవుతుంది, తిరిగి లేచేసరికి పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ2 కాస్తా టీటీవైయూఎస్‌బీ5 అవుతుంది. ఎస్ఎంఎస్ డీమన్ (వెనకాల నడుస్తూ మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్) మాత్రం పాత పోర్టు దగ్గరే కూర్చుంటుంది. సొంత అడాప్టర్ ఉన్న మోడెమ్ గానీ పవర్డ్ హబ్ గానీ పెట్టి, కాన్ఫిగ్‌లో టీటీవై నంబరుకు బదులు డెవ్/సీరియల్/బై-ఐడీ కింద ఉన్న పేరు రాయండి. మోడెమ్‌నూ యూపీఎస్ మీదే పెట్టాలి, ఇది చాలామంది మరిచిపోతారు.

సీరియల్‌పోర్ట్
కరెంటు విషయం నిజమే. సాఫ్ట్‌వేర్‌లో మొదటి శత్రువు మోడెమ్‌మేనేజర్ అనే లైనక్స్ సర్వీసు, పోర్టును అదే పట్టేసుకుంటుంది. వేరే పనికి వాడకపోతే మాస్క్ చేసేయండి, అంటే ఇక మొదలవ్వకుండా ఆపేయండి. తర్వాత డీమన్‌గా గామ్మూ ఎస్ఎంఎస్‌డీ గానీ ఎస్ఎంఎస్‌టూల్స్ గానీ, రోజుకు 30కి ఏదైనా ఒకటే. సిమ్ పిన్ లాక్ తీసేయండి. సిగ్నల్ బలం చెప్పే ఏటీ+సీఎస్‌క్యూ కొట్టి చూడండి: 99 వస్తే సిగ్నల్ తెలియలేదని, 10 అంటే మైనస్ 93 డీబీఎం. 10కి దిగువన ఉంటే యాంటెన్నా జరపండి.

తెలుగుకు యూనికోడ్ మోడ్ పెట్టాలి. ఒక్క తెలుగు అక్షరం పడినా మెసేజ్ పరిమితి 160 నుంచి 70కి పడిపోతుంది. ఆ 70 మనం లెక్కపెట్టే అక్షరాలూ కావు, 'క్షి' ఒక్కటే 4 తింటుంది. మెసేజ్ పొడవై ముక్కలైతే, ముక్కకు 67. అలర్ట్‌లు ఇంగ్లిష్‌లోనే పొట్టిగా పంపడం నయమని నా మాట.

నిద్రలేని_అడ్మిన్
ధన్యవాదాలు. సర్వర్ వర్చువల్ మెషీన్ అయితే?

ఓల్టేజీ
మోడెమ్ మోడ్ మారినప్పుడు యూఎస్‌బీ ఐడీ కూడా మారచ్చు, ఐడీతో ఇచ్చిన పాస్‌త్రూ (మోడెమ్‌ను వర్చువల్ మెషీన్‌కు అప్పగించడం) అప్పుడు తెగిపోతుంది. భౌతిక పోర్టుతో ఇవ్వండి, లేదా డీమన్‌ను హోస్ట్ మీదే నడపండి. ఇంకొకటి: మెసేజ్ పంపాక మోడెమ్ నుంచి +సీఎంజీఎస్ జవాబు వచ్చిందంటే నెట్‌వర్క్ మెసేజ్‌ను తీసుకుందని మాత్రమే, ఫోన్‌కి చేరిందని కాదు. డెలివరీ రిపోర్ట్ ఆన్ చేసి, రోజూ ఒకే వేళకు ఒక పరీక్ష మెసేజ్ పంపించండి. అది రాని రోజు మోడెమ్ చూసుకోవాలి.