వ్యాన్‌లో పంపు వేస్తే లైట్లు డిమ్ అవుతున్నాయి, రాత్రిపూట ఫ్రిజ్ ఆగిపోతోంది, బ్యాటరీ మాత్రం ఫుల్. ఎక్కడ చూడాలి?

గోదారి_వ్యాన్ (రాజమండ్రి):

అందరికీ నమస్తే. సెకండ్ హ్యాండ్ టెంపో ట్రావెలర్ ఒకటి తీసుకుని వెనక సీట్లు పీకించి మంచం, చిన్న వంటగట్టు పెట్టించా, మారేడుమిల్లి, అరకు వైపు ఫ్యామిలీతో తిరగడానికి. కరెంటు పని మా ఊళ్ళోనే కారు స్టీరియోలు బిగించే ఒకతను చేశాడు. లోపల ఉన్న సామాను ఇదీ: 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ (డ్రైవర్ సీటు వెనక), టాప్ మీద 200 వాట్ల సోలార్, ఎంపీపీటీ కంట్రోలర్ (సోలార్ కరెంటుతో బ్యాటరీ నింపేది), వెనక డోర్ దగ్గర 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్, సింక్‌కి చిన్న పంపు, రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఎల్‌ఈడీ స్ట్రిప్పులు, ఫోన్ ఛార్జింగ్ సాకెట్లు.

ప్రాబ్లం ఏంటంటే పగలంతా ఫ్రిజ్ బానే నడుస్తుంది, చీకటి పడ్డాక మాత్రం లో వోల్టేజ్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది, కాసేపటికి తనే ఆన్ అవుతుంది, మళ్ళీ ఆగుతుంది, పొద్దున్నకి పాలు విరిగిపోయి ఇంట్లోవాళ్ళ చేత చీవాట్లు. పంపు వేస్తే లైట్లు డిమ్ అవుతాయి, ఫ్యాన్ కూడా స్లో అవుతుంది. బ్యాటరీ యాప్‌లో 80 శాతం పైనే ఉంటుంది, మీటర్ పెడితే 13.1. ఫ్రిజ్ ప్లగ్ పీకి ఆ సాకెట్‌లో మీటర్ పెట్టి చూశా, అక్కడా 13.1 వచ్చింది, అంటే వైరు బాగున్నట్టే కదా? బ్యాటరీ షాపతనేమో 200 ఏహెచ్ వేయించండి సార్ అంటున్నాడు. వేయించనా?

వైరింగ్ ఎలా ఉందని ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నా, ప్లస్ అంతా ఇంటికి వాడే 1 స్క్వేర్ ఎంఎం వైరు, ముందు నుంచి వెనక్కి ఒకటే లైను, అన్నీ దాని మీదే ట్యాప్ చేశాడు. మైనస్ ఎక్కడికక్కడ బాడీకి బోల్టు. ఇంకో ఫ్యాను, రీడింగ్ లైట్లు, కుదిరితే రైస్ కుక్కర్ కూడా కలపాలని ఉంది.

ఓమ్స్_లా_బాధితుడు (హైదరాబాద్):

బ్యాటరీ జోలికి ఇప్పుడే పోకండి. ప్లగ్ పీకేసి కొలిచిన 13.1తో ఏమీ తెలియదు. మీటర్ లాగే కరెంటు దాదాపు సున్నా, కరెంటు పారనప్పుడు వైరులో వోల్టేజ్ పడదు, లోపల పోగులన్నీ తెగిపోయి ఒక్కటే మిగిలినా మీటర్ ఫుల్ వోల్టేజే చూపిస్తుంది. బీప్ మోడ్ పెట్టి కంటిన్యుటీ చూడటం కూడా అంతే, ఆ ఒక్క పోగుకే బీప్ కొడుతుంది.

చీకటి పడ్డాక ఫ్రిజ్ నడుస్తుండగా, అంటే కంప్రెసర్ శబ్దం వస్తున్నప్పుడు, మీటర్ డీసీ వోల్ట్స్‌లో పెట్టండి. ముందు బ్యాటరీ టెర్మినల్స్ మీద, తర్వాత ఫ్రిజ్ దగ్గర ప్లస్ మైనస్ మధ్య. ఈ రెండిటి తేడానే మీ జబ్బు. ఇప్పుడు ఆ తేడా ఏ వైపు ఉందో పట్టుకోవాలి, దానికి పొడుగు వైరు ముక్క ఒకటి కావాలి: మీటర్ ఒక మొన బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండోది ఫ్రిజ్ దగ్గర మైనస్ మీద. ఎంత చూపిస్తే అంతా ఎర్త్ దారిలో, అంటే మైనస్ వైపు పోతున్నట్టు. తర్వాత ప్లస్ నుంచి ప్లస్‌కి ఇదే పని. ఒక్కో వైపు 0.2 దాటకూడదు అనుకోండి. లోడ్ నడుస్తుండగానే చేయాలి, ఆపి చేస్తే మళ్ళీ మొదటికొస్తాం.

లెక్క కూడా చూద్దాం. 1 స్క్వేర్ ఫ్లెక్సిబుల్ రాగి వైరు కిలోమీటరుకి 19.5 ఓమ్స్. మీ బ్యాటరీ నుంచి వెనక డోర్ దాకా వంకరటింకరగా 6 మీటర్లు ఉంటుంది, ఫ్రిజ్ 5 ఆంపియర్లు తీసుకుంటే ఒక్క ప్లస్ వైపే దాదాపు 0.6 వోల్టు వైరులోనే పోతుంది. అదే లైను మీద ఫ్యాన్లు, లైట్లు, పంపు కూడా ఉంటే ఇంకా ఎక్కువ. ఊళ్ళో పొలం మోటర్లు వేసే టైముకి ఇంట్లో బల్బు ఎర్రబడినట్టు, పంపు వేసినప్పుడు మీ లైట్లు డిమ్ అయ్యేది అందుకే. ఇంట్లో 230 వోల్టుల్లో అర వోల్టు పోతే ఎవడికీ పట్టదు, 12 వోల్టుల్లో అది చాలా ఎక్కువ.

పగలు ఎందుకు నడుస్తోందంటే ఎండ ఉన్నంతసేపూ కంట్రోలర్ బ్యాటరీని 13.8, 14 దగ్గర పట్టుకుని ఉంటుంది, ఒకటిన్నర వోల్టు దారిలో పోయినా ఫ్రిజ్‌కి సరిపోతుంది. చీకటి పడితే లిథియం 13.1 దగ్గరకొచ్చి అక్కడే ఉంటుంది, ఆ మార్జిన్ పోతుంది, కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా పడి కట్ అవుతుంది. 200 ఏహెచ్ వేసినా అదే 13.1 కాబట్టి ఫ్రిజ్ మళ్ళీ ఆగుతుంది, మీ డబ్బు పోతుంది.

ఇంకోటి, ఫ్రిజ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ హై, మీడియం, లో అని ఉంటుంది. హై అనేది బండి స్టార్టింగ్ బ్యాటరీ దిగిపోకుండా పెట్టింది, చాలా మోడల్స్ 11 చిల్లరకే ఆగిపోతాయి. మీకు వేరే బ్యాటరీ, దానికి సొంత బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఉంది కాబట్టి ‘మీడియం’ గానీ ‘లో’ గానీ పెట్టుకోండి. దానితో ఎర్రర్ పోయినా వైరు మాత్రం మార్చాల్సిందే.

బుల్లెట్_బేస్ (గుంటూరు):

అన్నా నా కార్లో సబ్ వూఫర్ కొట్టినప్పుడు లైట్లు ఇలాగే డిమ్ అయ్యేవి, 1 ఫారడ్ కెపాసిటర్ వేయించా సెట్ అయిపోయింది. ఫ్రిజ్ దగ్గర ఒకటి పెట్టి చూడు

ఓమ్స్_లా_బాధితుడు (హైదరాబాద్):

తమ్ముడూ అది బేస్ బీట్‌కి పనికొస్తుంది, క్షణం సేపు లోడ్ కదా. ఇక్కడ ఫ్రిజ్ గంటల తరబడి 5 ఆంపియర్లు లాగుతుంది, కెపాసిటర్‌లో ఉన్నది ఏ మూలకీ రాదు.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్ (బెజవాడ):

బాబూ నేను బస్సులు లారీలు కరెంటు పని చేస్తా, మీరు రాసింది చదివితే ఎర్త్ మీదే నాకు డౌటు. బాడీకి బోల్టు వేసేటప్పుడు పెయింటు గీకాడా లేదా చూడండి, నూటికి ఎనభై మంది గీకరు, సెల్ఫ్ స్క్రూ కొట్టేసి వెళ్ళిపోతారు. స్క్రూ మరల దగ్గర కాస్త తగులుతుంది కాబట్టి లైటు వెలుగుద్ది, ఏడాది తిరిగేసరికి వానా చెమ్మా కలిసి తుప్పు పడుద్ది. మన గోదారి వైపు, సముద్రం వైపు ఇంకా తొందరగా పడుద్ది. ఇంకా చూడాల్సింది, బ్యాటరీ మైనస్ నుంచి ఛాసిస్‌కి అసలు మందం కేబుల్ వేశాడా, లేక సీటు బోల్టుకి తగిలించాడా? మంచం కింద ప్లైవుడ్ మీద ఉన్న ఇనప ఫ్రేముకి ఎర్త్ ఇచ్చి ఆ ఫ్రేము బాడీకి తగలకుండా ఉన్న బళ్ళు కూడా చూశా.

బస్సుకి బాడీ ఎర్త్ నడుస్తుంది గానీ ఇల్లులా మార్చిన బండికి నేనైతే ప్రతిదానికీ రెండు వైర్లు లాగుతా, మైనస్ కూడా బ్యాటరీ దగ్గరికే తెచ్చి బస్‌బార్ (వైర్లన్నీ ఒకేచోట బిగించే లోహపు పట్టీ) మీద కడతా. రాగి ఖర్చు ఎక్కువ అవుద్ది, కానీ తర్వాత వెతుకులాట ఉండదు. ఫ్రిజ్‌కి విడిగా 4 స్క్వేర్ గానీ 6 స్క్వేర్ గానీ జత లైను, మధ్యలో ఎక్కడా జాయింట్ లేకుండా. సిగరెట్ లైటర్ సాకెట్ ఉంటే తీసెయ్యండి, ఆ స్ప్రింగు కాంటాక్టు కుదుపులకి లూజై వేడెక్కుద్ది, ముట్టుకుంటే తెలుస్తుంది. దాని బదులు యాండర్సన్ కనెక్టర్ (గట్టిగా పట్టుకునే డీసీ ప్లగ్గు) పెట్టండి. థింబుల్ (వైరు చివర తొడిగే లోహపు మొన) వైరు సైజుకి తగ్గది కొని సరైన టూలుతో క్రింప్ చెయ్యాలి, కటింగ్ ప్లయర్‌తో నొక్కి టేపు చుడితే అరకు ఘాట్ దిగేలోపు లూజవుద్ది. వైరు రేకు దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్, సైలెన్సర్ వైపు పోనివ్వకండి.

ఫ్యూజులు ఏవి వేశాడో చెప్పలేదు మీరు. అది ముందు చూడండి.

డాలస్_ట్రైలర్ (టెక్సాస్):

ఫ్యూజు గురించి ఆటోనగర్ అన్న అడిగిందే నేనూ అడుగుదామనుకున్నా. ఫ్యూజు ఉండేది ఫ్రిజ్ కోసం కాదు, వైరు కోసం. మీ 1 స్క్వేర్ వైరు మీద ఆకుపచ్చ 30 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే షార్ట్ అయినప్పుడు ముందు వైరు కాలుతుంది, ఫ్యూజు చూస్తూ కూర్చుంటుంది, ఆ వైరేమో మంచం పక్కన ప్లైవుడ్ వెనక ఉంది. లైట్లకి 5, పంపుకి 10 (ఎర్రది), 4 స్క్వేర్ వేశాక ఫ్రిజ్‌కి 15 (నీలం) సరిపోతాయి. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి ఎంత దగ్గరుంటే అంత మంచిది, ఇక్కడ పడవల స్టాండర్డ్‌లో 7 అంగుళాల లోపు అంటారు. లిథియం షార్ట్ అయితే వేల ఆంపియర్లు వదులుతుంది, మామూలు బ్లేడ్ ఫ్యూజు 1000 ఆంపియర్ల దాకానే తెంపగలదు, అందుకే బ్యాటరీ టెర్మినల్ మీదే కూర్చునే ఎంఆర్‌బీఎఫ్ రకం వాడండి, అది 14 వోల్టుల దగ్గర 10,000 దాకా తెంపుతుంది.

ఒక జాగ్రత్త, అమెరికా వీడియోలు చూసి వైరు రంగులు కాపీ కొట్టకండి. మా ట్రైలర్లలో 12 వోల్టుల మైనస్ చాలాచోట్ల తెల్ల వైరు, ట్రక్కుకి తగిలించే 7 పిన్నుల ప్లగ్గులో నల్లది ప్లస్! మన దగ్గర నల్లది అంటే మైనస్ అనుకుని వేలు పెడితే అంతే.

రైస్ కుక్కర్ సంగతి: 700 వాట్లది అనుకుంటే ఇన్వర్టర్ నష్టాలతో కలిపి బ్యాటరీ నుంచి 60 ఆంపియర్ల పైనే లాగుతుంది. అరగంట వండితే 30 ఏహెచ్ దాకా పోయినట్టే, అంటే మీ బ్యాటరీలో మూడో వంతు అన్నానికే. ఇన్వర్టర్ బ్యాటరీ పక్కనే, మీటరు లోపు 25 స్క్వేర్ కేబుల్‌తో ఉండాలి. మేమైతే గ్యాస్ మీదే వండుకుంటాం, కరెంటు ఫ్రిజ్‌కీ ఫ్యాన్లకీ దాచుకుంటాం.

గోదారి_వ్యాన్ (రాజమండ్రి):

అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి ఫ్రిజ్ నడుస్తుండగా కొలిచా. బ్యాటరీ దగ్గర 13.1, ఫ్రిజ్ దగ్గర 11.6! ప్లస్ నుంచి ప్లస్‌కి 0.58, ఓమ్స్ గారి లెక్కకి కరెక్టుగా వచ్చింది. మైనస్ నుంచి మైనస్‌కి 0.92. పంపు కూడా వేస్తే ఫ్రిజ్ దగ్గర 11 కిందకి పోయి వెంటనే కట్. మైనస్ బోల్టు విప్పి చూస్తే ఆటోనగర్ అన్న చెప్పినట్టే కింద పెయింటు అలాగే ఉంది, వాషర్ చుట్టూ తుప్పు. ప్రస్తుతానికి గీకి శుభ్రం చేసి బిగించా, 0.92 కాస్తా 0.15 అయింది, రాత్రంతా ఫ్రిజ్ ఆగలేదు.

ఫ్యూజులు చూశా, అన్నీ ఆకుపచ్చవే. తీసేశా. ఇప్పుడు మొత్తం జత వైర్లతో మళ్ళీ లాగిద్దామని ఫిక్స్ అయ్యా, కుక్కర్ క్యాన్సిల్. రెండు డౌట్లు: కొత్త ఫ్యాను, రీడింగ్ లైట్లకి ఇంటి స్విచ్‌లు వాడొచ్చా? బండి ఆల్టర్నేటర్ నుంచి ఛార్జింగ్‌కి అతను ఒక రిలే (బండి కరెంటుని ఈ బ్యాటరీకి కలిపే ఆటోమేటిక్ స్విచ్) పెట్టాడు, దాన్ని ఉంచనా?

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్ (బెజవాడ):

పాత డీజిల్ బండే అయితే రిలే నడుస్తుంది బాబూ, మేం చాలా బళ్ళకి వేశాం.

ఓమ్స్_లా_బాధితుడు (హైదరాబాద్):

అన్నా లెడ్ యాసిడ్ అయితే ఒప్పుకుంటా. లిథియంకి లోపలి రెసిస్టెన్స్ బాగా తక్కువ, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత ఇస్తే అంత మింగుతుంది, బండి ట్రాఫిక్‌లో ఐడిల్‌లో ఉంటే ఆల్టర్నేటర్‌కి సరిగ్గా గాలి కూడా ఆడదు, వేడెక్కి డయోడ్లు పోతాయి. 20 ఆంపియర్ల డీసీ టు డీసీ ఛార్జర్ పెడితే అది అంతకు మించి లాగనివ్వదు. కొత్త బీఎస్6 బళ్ళలో అయితే చాలావాటికి ఆల్టర్నేటరే వోల్టేజ్ పైకీ కిందకీ ఆడిస్తుంది, అక్కడ రిలేని నమ్ముకుంటే బ్యాటరీ సగమే నిండుతుంది.

స్విచ్‌లకొస్తే, లైటూ ఫ్యానూ అంటే ఒకటి రెండు ఆంపియర్లు, 12 వోల్టుల్లో ఇంటి స్విచ్ బానే పనిచేస్తుంది, నా బండిలోనూ ఉన్నాయి. సోలార్ లైనులో మాత్రం ఇంటి ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) పెట్టొద్దు. ఏసీ అయితే సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్పార్కు దానంతటదే ఆరిపోతుంది, డీసీలో ఆరదు, ముఖ్యంగా ప్యానెళ్ళు సిరీస్‌లో వేసి వోల్టేజ్ పెంచినప్పుడు. డీసీ అని రాసి ఉన్న ఎంసీబీ తెచ్చుకోండి.

డాలస్_ట్రైలర్ (టెక్సాస్):

వైరు కొనేటప్పుడు ఒక పోగు గీకి లోపల తెల్లగా ఉందేమో చూడండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేది చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత, దానికి రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లు, 6 స్క్వేర్ అని కొన్నది 4 లాగానే పనిచేస్తుంది.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్ (బెజవాడ):

రిలే సంగతి మీరిద్దరూ తేల్చుకోండి గానీ, కొత్త లైన్లు లాగే ముందు సోలార్ ప్యానెల్ వైరు పీకి, ఆ తర్వాతే బ్యాటరీ మైనస్ తియ్యమనండి. తిరిగి కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. తిరగేస్తే కొన్ని కంట్రోలర్లు కాలిపోతాయి.

గోదారి_వ్యాన్ (రాజమండ్రి):

సరే అన్నా. ఆదివారం మొదలెడతాం, ఈసారి స్టీరియో అతని పక్కన మీటర్ పట్టుకుని నేనే కూర్చుంటా.