స్టార్ సిటిజన్‌లో రైలు కోసం నిలబడటం కూడా ఆటేనా?

రాత్రి_పైలట్:
పాపను పడుకోబెట్టి కంప్యూటర్ ముందు కూర్చునేసరికి పదిన్నర అవుతుంది, నాకు దొరికేది ఒక్క గంట. ఈ అంతరిక్ష ఆటలో నా మనిషి హర్‌స్టన్ గ్రహం మీది లార్విల్ ఊళ్లో మంచం మీద నిద్ర లేచి, లిఫ్ట్ దిగి, రైలెక్కి స్పేస్‌పోర్ట్‌కి వెళ్లి, మళ్లీ లిఫ్ట్‌లో హ్యాంగర్‌కి చేరి, షిప్ లేపి హర్‌స్టన్ వాతావరణం దాటేసరికి అందులో మూడో వంతు అయిపోతుంది. మొదటి వారం ఆ రైలు కిటికీలోంచి ఊరిని చూస్తూ అలాగే ఉండిపోయాను. ఇప్పుడు రైలు వెళ్లిపోతే టెన్షన్ వస్తోంది. దీన్ని కావాలనే ఇలా పెట్టారా, లేక మిగతా ఆట తయారు కాలేదు కాబట్టి ప్రయాణమే ఇంత పెద్దగా కనిపిస్తోందా? పూర్తయ్యాక తగ్గుతుందని ఆశ పెట్టుకోవచ్చా?

సరుకుల_షిప్:
తగ్గకూడదు బ్రో, ప్రయాణం నిజంగా ఉండాలి. నేను 2017 చివర్లో ఈ ఆట 3.0 వెర్షన్ వచ్చినప్పటి నుంచి ఆడుతున్నా. స్టేషన్ నుంచి లేచి ఎక్కడా లోడింగ్ స్క్రీన్ లేకుండా చంద్రుడి మీద దిగడం అప్పుడే మొదటిసారి చూశాను. దూరం ఉంది కాబట్టే భయం ఉంది. 3.24 వెర్షన్ తర్వాత సరుకు పెట్టెలు ఒక్కొక్కటీ ట్రాక్టర్ బీమ్‌తో (వస్తువుల్ని దూరం నుంచే ఎత్తే కిరణం) నేనే ఎక్కిస్తున్నా, అందుకే దారిలో ఎవరైనా అడ్డుపడితే గుండె దడదడలాడుతుంది. మెనూలో నొక్కి కొన్న సరుకైతే పోతే పోయిందిలే అనుకునేవాణ్ని.

చుక్కల_దారి:
పెట్టెల సంగతి ఒప్పుకుంటా. కానీ రైలులో పోయేదేముంది? పెట్టె పడిపోవచ్చు, దొంగలు పట్టుకుపోవచ్చు, రైలు మాత్రం రోజూ అదే రైలు. "నిజంగా ఉండాలి" అనే మాట కూడా కొంచెం జాగ్రత్తగా వాడాలి. ఇందులో గ్రహాలు అసలైన వాటికన్నా చాలా చిన్నవి, షిప్‌లకు వేగానికి హద్దు ఉంది, శూన్యంలో చప్పుళ్లు వినిపిస్తాయి. ఈ ఆట సృష్టికర్త క్రిస్ రాబర్ట్స్ 1990లో వింగ్ కమాండర్ అనే అంతరిక్ష యుద్ధాల ఆట చేసినప్పటి నుంచీ ఆయనకు కావాల్సింది దగ్గర నుంచి కొట్టుకునే విమాన యుద్ధం లాంటిదే. అంటే ఏది నిజంలా ఉండాలో, ఏది ఉండక్కర్లేదో వాళ్లే ఎంచుకుంటున్నారు, కాబట్టి ఆ ఎంపిక బాగాలేదని మనం అడగొచ్చు. ఎలీట్ డేంజరస్ అనే ఇంకో అంతరిక్ష ఆటలో హటన్ ఆర్బిటల్ అనే దూరపు స్టేషన్‌కి వెళ్లాలంటే చాలాకాలం గంట పైనే పట్టేది, అయినా పెద్దగా ఎవరికీ కోపం రాలేదు, ఎందుకంటే అక్కడికి వెళ్లాలా వద్దా అన్నది మన ఇష్టం. లార్విల్‌లో ఇల్లు పెట్టుకున్నవాడికి రైలు తప్పదు.

పాత_బ్యాకర్:
రాత్రి_పైలట్ గారూ, మీ రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. 2012లో కిక్‌స్టార్టర్ సైట్‌లో జనం దగ్గర నిధులు అడిగినప్పుడు ఆట 2014లో వస్తుందన్నారు. నిధులు పెరిగేకొద్దీ ఆట కూడా పెరిగిపోయింది. అప్పట్లో డబ్బు కట్టిన వాళ్లలో కొందరికి వింగ్ కమాండర్ లాంటి కథ కావాలి, కొందరికి వ్యాపారం కావాలి, నాకైతే లోపల నడవగలిగే షిప్ ఉంటే చాలనిపించింది. ఇన్ని రకాల ఆశలు ఒకే ఆట మీద ఉన్నప్పుడు రైలు ఒకరికి ప్రాణం, ఇంకొకరికి అడ్డం. 2024 డిసెంబర్‌లో 4.0 వెర్షన్‌తో పైరో అనే రెండో నక్షత్ర వ్యవస్థ వచ్చింది, సర్వర్ మెషింగ్‌తో (చాలా సర్వర్లను కలిపి ఒకే లోకంగా నడపడం) ఒకే లోకంలో 500 మంది దాకా ఆడగలిగారు. అది నిజంగా పెద్ద పని, నాకు గర్వంగా ఉంది. కానీ పూర్తయ్యాక ఎలా ఉంటుందో ఊహించుకుని ఇవాళ్టి గంటను పోగొట్టుకోకండి. ఆల్ఫాలో (ఇంకా తయారవుతున్న ఈ రూపంలో) ఇవాళ ఉన్నది నచ్చితేనే ఆడండి, కొత్త షిప్‌కి డబ్బు మాత్రం ఇప్పుడే పెట్టకండి.

ఇంకోటి, ఎవరస్ హార్బర్‌కి వెళ్లి అక్కడి క్లినిక్‌లో మీ రీజెనరేషన్ (చనిపోతే మళ్లీ లేచే చోటు) పెట్టుకోండి. అది హర్‌స్టన్ పైన కక్ష్యలో ఉన్న స్టేషన్. షిప్ కూడా అక్కడే ఉంచితే రైలూ లేదు, వాతావరణం దాటే పనీ లేదు.

రాత్రి_పైలట్:
స్టేషన్‌లో పెట్టుకోవచ్చని ఇన్నాళ్లూ తెలియనే లేదు, థాంక్స్ అండీ. ఇవాళ రాత్రే మారుస్తా. శనివారం పాప అమ్మమ్మ ఇంటికి వెళ్తుంది, ఆ రోజు మాత్రం లార్విల్‌కి దిగి మళ్లీ ఆ రైలెక్కుతా.